రక్తం గడ్డ కట్టిందా సిస్టర్?

పాము కరిచి బతికానని తెలిస్తే జనం మొదట అడిగేది ‘ఏ పాము?’ అని. ఆ వెంటనే ‘ఎన్ని ఇంజక్షన్లు పడ్డయి?’ అని. రెండింటికీ నా దగ్గర జవాబుంది. రక్తపింజర. ముందు పది వయల్స్, అంటే విరుగుడు మందు సీసాలు, తర్వాత మళ్ళీ పది. ఆ రెండో పది ఎందుకు పడ్డాయి, మూడోసారి ఎందుకు పడలేదు అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ సంగతి తేల్చింది ఒక గాజు గొట్టం, దాని పక్కన కాపలా కూర్చున్న ఒక స్టాఫ్ నర్సు.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట దిక్కు ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఇంటాయన వ్యవసాయం చూసుకుంటాడు. ఆ ఏడు దసరా సెలవుల్లో పత్తి ఏరడానికి మనుషులు దొరకక నేనూ ఒడి కట్టుకొని చేలోకి దిగాను. వలసలకు పేరుపడ్డ పాలమూరులో కూలీల కరువు వస్తుందంటే మా నాయన బతికుంటే నమ్మేవాడు కాదు.

పొద్దుగూకుతున్న వేళ, ఇంకో సాలు ఏరితే అయిపోతుందనగా కుక్కర్ విజిల్ వేసే ముందు చేసే బుస లాంటి చప్పుడు వినిపించింది. అదేంటో తట్టేలోపే మడమ పైన భగ్గుమంది. మెలికలు తిరిగి పడుకున్న పామును ఇంటాయన కూడా చూశాడు, వీపు మీద గొలుసు మచ్చలతో సహా. పక్క చేనాయన పరుగున వచ్చి పంచె చించి మోకాలి కింద బిగించి కట్టాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ, నొప్పి తగ్గుతుందని తుంటికి డైక్లోఫెనాక్ పొడిచాడు. ఎవరి ప్రేమ వాళ్ళది. కట్టు కడితే విషం ఆగదు, కాలికి రక్తం ఆగుతుంది. పింజర విషం ఒంట్లో ఉన్నప్పుడు కండకు సూది గుచ్చితే లోపల రక్తం కారుతూనే ఉంటుంది. ఆ డైక్లో గుచ్చిన చోట లేచిన నల్లని గడ్డ కరగడానికి, పాము కరిచిన చోటు మానడానికి పట్టినంత కాలం పట్టింది.

మరిది బండి నడుపుతుంటే నన్ను మధ్యన కూర్చోబెట్టి, వెనక ఇంటాయన పట్టుకొని, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తెచ్చారు. అక్కడ డాక్టరు కంటే ముందు మంచం దగ్గరికి వచ్చిన సిస్టర్ నా కాలివేళ్ళు చూసి, “అక్కా, మెట్టెలు తియ్యాలె” అంది.

వెనక ఆటోలో వచ్చిన మా అత్తమ్మ గొల్లుమంది. “అయ్యో, మొగడు కండ్ల ముందటుండంగ మెట్టెలు తీస్తరా?”

“ఇప్పుడు మెట్టె తీస్త. తియ్యకపోతే రేపు వేలే తియ్యాల్సొస్తది. ఏది కావాలె చెప్పమ్మా?” అంటూనే ఆమె సబ్బునీళ్ళు రాసి మెలిపెట్టి లాగేసింది. అప్పటికే పాదం ఉబ్బి బిగుసుకుపోయింది. తీసిన మెట్టెలు గాజుగుడ్డలో మూటగట్టి అత్తమ్మ చేతిలోనే పెట్టింది. కాలికి బిగించిన పంచెను మాత్రం ముట్టుకోలేదు. డాక్టరు వచ్చి, చేతికి సెలైన్ ఎక్కించాక మెల్లమెల్లగా వదులు చేశారు.

తర్వాత ప్యాకెట్‌లోంచి కొత్త గాజు గొట్టం తీసి, అందులోకి రెండు మిల్లీలీటర్ల రక్తం వదిలి స్టాండులో నిలబెట్టింది. తెల్ల ప్లాస్టర్ ముక్క మీద టైము రాసి గొట్టానికి అంటించింది. మరిది దాన్ని ఎత్తి చూడబోతే, “అన్నా, ముట్టకు. కదిలితే లెక్క తప్పుతది” అని ఆపింది. కాసేపటికి డ్యూటీ డాక్టరు “అయ్యిందా?” అన్నాడు. “ఇంకా ఆరు నిమిషాలు సార్.” ఆయన మారుమాట లేకుండా ఇంకో రోగి దగ్గరికి వెళ్ళాడు. నాకు ఆ ఆరు నిమిషాలు నచ్చలేదు. ఇక్కడ ప్రాణం పోతుంటే ఈమె గడియారం చూస్తుందేంటి అనిపించింది. ఇరవై నిమిషాలు నిండాక ఒక్కసారి వంచింది. గడ్డ లేదు, ఉన్నదంతా జారిపోయింది. అంటే విషం రక్తంలో పనిచేస్తోందన్నమాట.

పాముకాటు వైద్యంలో, రక్తం గడ్డ కడుతుందో లేదో మంచం పక్కనే తేల్చే పరీక్ష ఇది. 1977లో బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ వారెల్, ఆయన సహచరులు నైజీరియాలో చిన్నపింజర కాట్ల మీద పనిచేస్తూ దీన్ని వాడారు. కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. గొట్టం మాత్రం గాజుదే కావాలి. రక్తం గడ్డకట్టే పనిని మొదలుపెట్టేది ఆ గాజు తలమే. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగి ఆరబెట్టిన గాజులోనో పోస్తే, విషం లేని మంచి రక్తం కూడా గడ్డ కట్టక మోసం చేయొచ్చు. అప్పుడు అక్కర్లేని మనిషికి మందు ఎక్కుతుంది. ముందే వంచినా, ఊపినా అంతే. ఇంత సున్నితమైన పరీక్ష మొత్తం ఒక నర్సు ఓపిక మీద నడుస్తుందని తొమ్మిదో తరగతికి రక్తం పాఠం చెప్పే నాకు అప్పటిదాకా తెలియదు.

పింజర విషం చేసేదేమిటంటే, గడ్డకట్టడానికి పనికొచ్చే పదార్థాలను, ముఖ్యంగా పదో కారకాన్నీ ఐదో కారకాన్నీ, ఉత్తపుణ్యానికి రెచ్చగొడుతుంది. ఒంట్లోని ఫైబ్రినోజన్, అంటే గడ్డగా మారే ప్రోటీన్, అంతా అలా ఖర్చయిపోతుంది. ఇక నిజంగా గాయమైన చోట ఆపడానికి ఏమీ మిగలదు. నా చిగుళ్ళలోంచి రక్తం మొదలైంది అప్పుడే.

విరుగుడు మన దేశంలో ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి. విషం ఎక్కువగా తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధి చేస్తారు. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతానికో రకంగా ఉంటుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో కార్తీక్ సునగర్ బృందం చూపించింది. నల్లమల అంచున కరిచిన పింజరకు తమిళనాడు విషంతో తయారైన మందు ఎంత బాగా పనిచేస్తుందో గొట్టం చూసే తేల్చుకోవాలి.

గుర్రపు ప్రోటీన్ కాబట్టి ఒళ్ళు ఎదురుతిరగొచ్చు. సిస్టర్ డ్రిప్ మొదలుపెట్టడానికి ముందే, ఆ రియాక్షన్‌ను ఆపే మందు అడ్రినలిన్‌ను సిరంజిలోకి లాగి, పేరు రాసి, ట్రేలో నా తల దగ్గర పెట్టుకుంది. డ్రిప్ ఎక్కుతుంటే స్టూలు వేసుకొని పక్కనే కూర్చుంది. కాసేపటికి నా మెడ మీద దద్దుర్లు లేచాయి, ఊపిరాడలేదు. “సార్!” అని కేకేస్తూనే డ్రిప్ ఆపింది. డాక్టరు వచ్చేసరికి సిరంజి ఆమె చేతిలో ఉంది. తొడకు పొడిచారు. కాస్త కుదుటపడ్డాక అదే డ్రిప్ మళ్ళీ మెల్లగా మొదలైంది. ఆ మందు కోసం ఆమె స్టోరుకు పరుగెత్తాల్సి వచ్చి ఉంటే నేనిప్పుడు ఇది రాసేదాన్నో లేదో.

ఆ రాత్రంతా ఆమె చేసినవి ఒకదానికొకటి సంబంధం లేని చిన్నచిన్న పనుల్లా కనిపించాయి. పెన్నుతో కాలి వాపు అంచున గీత గీసి పక్కన టైము రాయడం. బ్యాగులో మూత్రం కొలిచి రాయడం. “ఈ సూది గుర్తు ఎవరిదక్కా?” అని ఆర్‌ఎంపీ సంగతి రాబట్టి అదీ రాయడం. ఆరు గంటలు గడిచాక మళ్ళీ కొత్త గొట్టం, మళ్ళీ ఇరవై నిమిషాలు. విరుగుడు పడగానే రక్తం బాగుపడిపోదు. ఖర్చయిన పదార్థాలను కాలేయం తిరిగి తయారుచేసుకోవాలి, అందుకే ఆ ఆరు గంటల ఎడం. రెండో గొట్టమూ జారింది. ఇంకో పది వయల్స్ పడ్డాయి. మూడోసారి వంచినప్పుడు రక్తం కదలలేదు. గొట్టాన్ని తలకిందులు చేసి మా అత్తమ్మకు చూపించింది. “చూడమ్మా, గడ్డ కట్టింది.”

అయితే మూత్రం ఎర్రబడి, తగ్గుతూ వచ్చింది. గంటగంటకూ రాసిన అంకెలు చూసి, తెల్లవారకముందే 108లో పెద్దాసుపత్రికి పంపించారు. వెంట ఆమె రాసిచ్చిన కాగితం. కాటు వేళ, కట్టు విప్పిన వేళ, మూడు గొట్టాల ఫలితాలు, మందు బ్యాచ్ నంబరు, దద్దుర్లు, అడ్రినలిన్, చివరికి ఆర్‌ఎంపీ వేసిన డైక్లో కూడా అందులో ఉంది.

పెద్దాసుపత్రిలో మావాళ్ళు “మూత్రం వస్తలేదు, ఇంకో పది ఇంజక్షన్లు వెయ్యుండ్రి సార్” అని పట్టుబట్టారు. పైకి మాట్లాడలేకపోయాను గానీ నా కోరికా అదే. అక్కడి డాక్టరు ఆ కాగితం చదివి, మళ్ళీ ఒకసారి గొట్టం పెట్టించి, కుదరదన్నాడు. విషం సంగతి అయిపోయింది, దెబ్బతిన్న కిడ్నీని విరుగుడు బాగుచేయదు, అనవసరంగా వేస్తే ఇంకోసారి రియాక్షన్ కొనితెచ్చుకోవడమే. చేయాల్సింది డయాలసిస్.

మెడలో గొట్టం పెట్టారు. డయాలసిస్ సిస్టర్ దాని మూత విప్పే ముందు తనకు మాస్కు, నాకూ మాస్కు, నా ముఖం అవతలికి. చేతులు రుద్దుకోవడం, గొట్టం మూతిని మందుతో తోమడం, అది ఆరేదాకా ఆగడం. తొందరలో ఉన్నప్పుడు కూడా ఆరేదాకా ఆగేది. నేరుగా గుండె దగ్గరికి పోయే దారి కదా, అక్కడ ఒక్క సూక్ష్మజీవి చాలు.

పక్క మంచం మీద ఉన్నావిడదీ నా పేరే, యాదమ్మ. మందు వేసే ప్రతిసారీ సిస్టర్ “పేరేంది?” అనడిగేది. రెండో రోజుకు నాకు విసుగొచ్చింది.

“నా పేరు నీకు తెల్వదా సిస్టర్?”

“తెల్సు. గని నువ్వే చెప్పాలె. ఊరు గూడ చెప్పు.”

చెప్పేదాన్ని. అప్పుడే చేతి పట్టీ మీది నంబరు చూసి మందు వేసేది. ‘యాదమ్మవే కదా?’ అని అడిగితే మత్తులో ఉన్న మేమిద్దరమూ ఊఁ అనేవాళ్ళమే.

రాత్రి షిఫ్టులో మాత్రం వార్డంతటికీ ఒక్కరే కనిపించేవారు. సెలైన్ అయిపోయిన మంచాల నుంచి పిలుపులు ఆగేవి కావు. ఇంటికొచ్చాక చదివాను, అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసి లిండా ఐకెన్ బృందం 2002లో అచ్చేసిన పరిశోధన. శస్త్రచికిత్స అయిన రోగుల్లో, ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగిన కొద్దీ నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందట. మన వార్డుల్లో ఆ లెక్క ఎవరైనా తీస్తే చదవాలని ఉంది, చదవాలంటే భయంగానూ ఉంది. నా మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్న సిస్టర్‌కు ఆ రాత్రి ఇంకో పాముకాటు కేసు వచ్చి ఉంటే ఎవరి దగ్గర కూర్చునేది?

మూత్రం మెల్లగా తిరిగొచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె దిగింది. ఇంటికి పంపేటప్పుడు సిస్టర్ కాగితం చేతికిచ్చి వదిలేయలేదు. “వారం పది దినాలకు జరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు రావొచ్చు. మళ్ళ విషం ఎక్కిందనుకోకుండ్రి, మంత్రగాండ్ల దగ్గరికి పోకుండ్రి. ఈడికే రావాలె” అని ఇంటాయనతో తిరిగి చెప్పించుకుంది. సరిగ్గా అదే జరిగింది. మోకాళ్ళు, మణికట్లు వాచి లేవలేకపోయాను. ఊళ్ళో “పాము పగబట్టింది” అన్నారు. అది పాము పగా కాదు, ఏమీ కాదు, గుర్రపు ప్రోటీన్‌కు ఒళ్ళు ఆలస్యంగా ఎదురుతిరగడం. మందులతో తగ్గింది. నీరసం మాత్రం చాలాకాలం వదల్లేదు. బోర్డు మీద రెండు బొమ్మలు గీస్తే కుర్చీ కావాల్సొచ్చేది.

మిలియన్ డెత్ స్టడీ అని ఒకటుంది. సర్వే వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్ళ కుటుంబాలను అడిగి రాసుకున్న వివరాలను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 2000 నుంచి 2019 దాకా దేశంలో దాదాపు 12 లక్షల మంది, ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని 2020లో లెక్క వచ్చింది. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల వరుసలో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఉంది. సగానికి పైగా చావులు జూన్-సెప్టెంబర్ మధ్యే. ఆసుపత్రి రిజిస్టర్ల నుంచి ఈ లెక్క వచ్చేది కాదు. అదే స్టడీ నుంచి 2011లో వచ్చిన వ్యాసం ప్రకారం పాముకాటు చావుల్లో నాలుగింట మూడు వంతులు ఆసుపత్రి బయటే జరిగాయి. పాముకాటు చావులను 2030కల్లా సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కేసులు, చావులు తప్పనిసరిగా తెలపాలని రాష్ట్రాలను అదే ఏడాది నవంబరులో కోరింది.

మొన్న ఆశా కార్యకర్త పిలిస్తే ఆడవాళ్ళ మీటింగులో మాట్లాడాను. కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదలనియ్యొద్దు, మెట్టెలు కడియాలు వెంటనే తియ్యండి, విరుగుడు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే తెలుసుకోండి అన్నాను. బూట్లు వేసుకోమన్నాను. అక్కడ దొరికిపోయాను.

“బూట్లేస్కొని దినమంత పత్తి ఎట్లేరుతం టీచరమ్మా? కాళ్ళు ఉడికిపోవా?”

పాత కాన్వాస్ బూట్లయినా మేలే, సాలులోకి దిగేముందు కట్టెతో తట్టండి, పొద్దుగూకకముందే బయటికి రండి అన్నాను.

“పొద్దుగూకకముందే వొస్తే కిలోలు తగ్గవా? కూలి నువ్విస్తవా?”

కిలోల లెక్కన కూలి ఉన్నంతకాలం వాళ్ళు చీకటిపడే దాకా ఏరుతూనే ఉంటారు. పింజర తిరిగేదీ ఆ వేళే. మా చేలో మటుకు ఐదింటికే కాంటా పెట్టేస్తున్నాం, తగ్గిన కిలోలకు కాస్త కలిపిస్తున్నాం. నా కాలికి పంచె కట్టిన పక్క చేనాయన, “టీచరమ్మ చేన్ల గూడ బడి గంట కొడుతరు” అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తున్నాడు.