కతుల్లుస్ పద్యానికి గణవిభజన

ఏడాదిన్నరగా లాటిన్ నేర్చుకుంటున్నాను. రాత్రి భోజనాలయ్యాక ఓ గంట దానికే. ఈ వారమంతా ఒక్క పద్యం దగ్గరే ఆగిపోయాను. కతుల్లుస్ రాసిన 101వది. పది పాదాలే.

కతుల్లుస్ క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు కవి, వెరోనా వాడు. అతని సోదరుడు ట్రాయ్ ప్రాంతంలో, అంటే ఇప్పటి టర్కీలో చనిపోయాడు. అంతదూరం వెళ్లి, సమాధి దగ్గర పెద్దలనాటి ఆచారం ప్రకారం పితృకార్యం చేస్తూ చెప్పిన పద్యం ఇది.

"ముల్తాస్ పెర్ గెంతేస్ ఎత్ ముల్త పెర్ ఐక్వొర వెక్తుస్." ఎన్నో జాతుల నడుమ, ఎన్నో సముద్రాల మీదుగా వచ్చాను అని.

మా నాన్న తెలుగు మాస్టారు. గురులఘువులు నాకు అక్షరాలతో పాటే వచ్చాయి. అందుకే ఈ పద్యంలో బేసి పాదాల ఛందస్సు హెక్సామీటర్ అనగానే మొదట పడిన టెన్షన్ పది నిమిషాల్లో పోయింది. ఆరు గణాలు, ఒక్కోటీ భగణమో గగమో. రెండూ మన కందంలో ఉన్నవే! పై పాదంలో గగ, గగ, గగ, భ, భ, గగ. జాతులు దాటేటప్పుడు వరుసగా ఆరు గురువులు, అడుగు బరువుగా పడుతుంది. సముద్రం రాగానే భగణాలతో నడక వేగం అందుకుంటుంది. ఇంకో విశేషం, "పెర్" రెండుసార్లు వచ్చింది. మొదటిసారి దాని తర్వాత హల్లు ఉంది కాబట్టి గురువు. రెండోసారి అచ్చు వచ్చి ర-కారాన్ని తనతో లాక్కుపోయింది కాబట్టి లఘువు. నాన్నకు చూపిస్తే ఎంత మురిసిపోయేవారో.

ఈ పద్యంలో సరి పాదాలకు నడుమ ఒక విరామం ఉంటుంది. మన యతిలా అక్షరమైత్రి అక్కర్లేదు, ఆగితే చాలు. "ఫ్రాతెర్", అంటే "సోదరా" అన్న పిలుపు 2, 6, 10 పాదాల్లో వస్తుంది. మూడుసార్లూ సరిగ్గా ఆ విరామం దాటగానే. ఆగి, ఊపిరి తీసుకుని, పిలుస్తాడు. పాశ్చాత్య అలంకారశాస్త్రంలో దీనికి అపాస్ట్రఫీ అని పేరుంది, అంటే ఎదుట లేనివారిని సంబోధించడం. కానీ గణాలు లెక్కపెట్టాకే ఆ పిలుపు నాకు వినబడింది.

నాలుగో పాదంలో "మూగ బూడిదతో వృథాగా మాట్లాడటానికి" వచ్చానంటాడు. "నేక్వీక్వమ్" అన్న మాటకు నిఘంటువు "వృథాగా" అనే ఇచ్చింది. నాకది చాల్లేదు. కాళేశ్వరంలో నాన్న అస్థికలు కలిపేటప్పుడు, పంతులుగారు మంత్రం చెబుతుంటే నేను లోపల్లోపల ఇంటి సంగతులన్నీ ఆయనకు చెబుతూనే ఉన్నాను. వినరని తెలిసీ చెప్పడం. నా నోట్సులో అలాగే రాసుకున్నాను: "వినవని తెలిసీ."

చివరి పాదం "ఫ్రాతెర్, అవే అత్‌క్వె వలే" అని ముగుస్తుంది. "అవే" పలకరింపు, "వలే" వీడ్కోలు. చదివేటప్పుడు సంధి జరిగి "అవే"లోని చివరి అచ్చు ఎగిరిపోతుంది: "అవత్‌క్వె వలే". పలకరింపు పూర్తికాకుండానే వీడ్కోలులోకి జారిపోతుంది.

నిన్న రాత్రి ఆ పాదాన్ని నాన్న పాత ఛందస్సు పుస్తకం లోపలి అట్టమీద, తెలుగు లిపిలో, గురులఘువులతో సహా రాసిపెట్టాను.