నైట్రోజన్ చలిలో జోసెఫ్సన్ మెట్లు: అనంతపురం ల్యాబులో నా అనుభవం

జోసెఫ్సన్ జంక్షన్ అంటే రెండు సూపర్‌కండక్టర్ల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థాల) మధ్య బలహీనమైన సన్నటి అతుకు. దాని మీద మైక్రోవేవ్ పడితే కరెంటు-వోల్టేజి గీత మెట్లుగా విరుగుతుంది. మెట్టుకీ మెట్టుకీ తేడా గిగాహెర్ట్జ్‌కు 2.0678 మైక్రోవోల్టులు, 10 గిగాహెర్ట్జ్ దగ్గర 20.68. జంక్షన్ ఏ పదార్థంతో చేసినా ఈ లెక్క మారదు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో మన దేశపు వోల్టుకు ఆధారం ఇదే.

నయోబియం జంక్షన్లకు 4.2 కెల్విన్ ద్రవ హీలియం కావాలి. అది మాకు అందదు. పశువుల వీర్యపు స్ట్రాలు నిల్వచేసే ద్రవ నైట్రోజనైతే జిల్లాలో దొరుకుతుంది. అందుకే వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన సూపర్‌కండక్టర్) జంక్షన్ పెట్టి ఆ నైట్రోజన్ ఉండే 77 కెల్విన్‌లో చేశాను. ఆ వేడికి రొద కరెంటే (వేడివల్ల కలిగే కరెంటు ఊగిసలాట) 3 మైక్రోఆంపియర్లు దాటుతుంది. క్రిటికల్ కరెంటు (వోల్టేజి లేకుండా జంక్షన్ మోయగల గరిష్ఠ కరెంటు) కొన్ని పదుల మైక్రోఆంపియర్లైనా లేకపోతే మెట్ల అంచులు కరిగిపోతాయి.

మైక్రోవేవ్‌కు ఎక్స్ బ్యాండ్ (10 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) బెంచి మీది గన్ ఆసిలేటర్ (మైక్రోవేవ్ పుట్టించే చిన్న పరికరం) చాలు. అరగంట వేడెక్కనివ్వాలి, ఎండాకాలం ఇంకాసేపు. ఫ్రీక్వెన్సీ 10 మెగాహెర్ట్జ్ తప్పితే కొలతలో వెయ్యో వంతు తప్పినట్టే, కౌంటర్‌తోనే చూడండి.

అసలు తంటా అంతా తీగల్లోనే. మెట్టు ఎత్తే 20 మైక్రోవోల్టులు కదా, రాగికీ సీసం-తగరం టంకానికీ మధ్య ఒక్క డిగ్రీ తేడాకే 1 నుంచి 3 మైక్రోవోల్టులు పుడతాయి. చిలుము పట్టిన రాగి కొసైతే వెయ్యి దాకా! కొసలు మెరిసేదాకా గీకి, రాగికి రాగినే మరమేకుతో బిగించాను. కరెంటుకు రెండు, వోల్టేజికి రెండు, వేర్వేరు తీగలు. కరెంటు దిశ మారుస్తూ ప్లస్, మైనస్, మళ్లీ ప్లస్ వరసలో చదివితే మిగిలిన ఆఫ్‌సెట్టూ (ఎప్పుడూ కలిసివచ్చే తప్పు వోల్టేజి), దాని జరుగుడూ పోతాయి.

ప్లస్ ఒకటో మెట్టు నుంచి మైనస్ ఒకటో మెట్టుకు 41.36 మైక్రోవోల్టులు. ఈ తెలిసిన వోల్టేజితో యాంప్లిఫయర్‌ను సరిచూసుకోవచ్చు: పదివేల రెట్ల యాంప్లిఫయర్ తర్వాత 0.4136 వోల్టు రావాలి. 0.4102 వస్తే గెయిన్ (పెంచే రెట్లు) 0.8 శాతం తక్కువన్నమాట. రీడింగు మెట్టు మధ్యలో, వాలు అన్నిటికన్నా తక్కువున్న చోటే తీయాలి. చదునే లేని మెట్టును లెక్కలోకి తీసుకోవద్దు.

మెట్లు ఉన్నట్టుండి కుంచించుకుపోతే ముందు సెల్‌ఫోన్లు బయట పెట్టించండి. అయినా కుదరకపోతే జంక్షన్‌లో అయస్కాంత ఫ్లక్స్ చిక్కిందని అర్థం. ప్రోబు (జంక్షన్‌ను ద్రవంలోకి దించే కడ్డీ) పైకి లాగి, వైబీసీఓ సూపర్‌కండక్టర్‌గా ఉండే హద్దైన 93 కెల్విన్ దాటించి, మ్యూమెటల్ (బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే లోహం) తొడుగులోనే, కరెంటు ఆపేసి మళ్లీ చల్లార్చాలి. వైబీసీఓకి తేమ అస్సలు పడదు. పని అయ్యాక ప్రోబును పొడి నైట్రోజన్ వాయువు నింపిన కవరులో గది వేడికి వచ్చేదాకా ఉంచి, ఆ తర్వాతే విప్పుతాను.