వాగులో కొత్త చక్రాల జాడ

మార్చి, శనివారం రాత్రి

రెండుసార్లు చేతులు కడుక్కున్నా గోళ్ళలో మట్టి పోలేదు. బాబు నిద్రపోయాడు. ఆయన వంటింట్లో ఇడ్లీపిండి రుబ్బుతున్నారు, గ్రైండర్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం లేదు. ఎడారి నేలకి బండ్లు చేసే నష్టం కొలిచి పంపే వాలంటీరుని నేను. ఆ ఫారం నింపి పంపేలోపు ఈ నాలుగు ముక్కలూ ఇక్కడ రాసుకోవాలి. ఫారంలో పట్టేవి కొలతలే.

చీకటి ఉండగానే ఆరిజోనాలోని ఛాండ్లర్‌లో బయల్దేరి 347 హైవే మీద మారికోపా, అక్కడినుంచి 238 పట్టుకుని పడమరకి. మొబైల్ అనే చిన్న ఊరు దాటాక ఇక అంతా క్రియోసోట్ పొదలు, దూరంగా మారికోపా కొండలు. సోనోరన్ ఎడారి నేషనల్ మాన్యుమెంట్ అంటే ఏదో గేటు, టికెట్టు, క్యాంటీన్ ఉంటాయనుకుంటారు మనవాళ్ళు. ఏమీ ఉండవు. 2001 జనవరిలో, పదవి దిగడానికి మూడు రోజుల ముందు అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన దాదాపు 4.9 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి ఇది. దారి వదిలి మోటారు బండి నడపకూడదని ఆ ప్రకటనలోనే ఉంది. తెరిచి ఉన్న దారుల మీద ఎంతైనా నడుపుకోవచ్చు, దానికి ఎవరూ కాదనరు. అయినా 2008లో దాదాపు 55 వేల ఎకరాల్లోకి బండ్లు రాకుండా కొన్నాళ్ళు మూసేయాల్సి వచ్చింది. అడ్డదిడ్డంగా తొక్కేస్తే అంతే కదా.

నాతో వచ్చే పెద్దాయన రిటైరైన సర్వేయరు. మాట తక్కువ, నడక ఎక్కువ. మేం చేసే పని చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. గుర్తు పెట్టుకున్న చోట నిలబడి, ఎప్పుడూ అదే దిక్కుకి, అదే ఎత్తులో ఫోటో తీయాలి. పాత ఫోటో పక్కన పెట్టి తేడా చూడాలి. చాలాచోట్ల తేడా ఉండదు. ‘మార్పు లేదు’ అని రాయడమే నాకు ఇష్టమైన పని. ఈరోజు మొదటి గంటన్నర అలాగే గడిచింది. ఎక్కడ చూసినా బ్రిటిల్‌బుష్ పొదలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి, ఒకోటియో ముళ్ళకొమ్మల కొసలు ఎర్రబడుతున్నాయి. ఆఫీసు టెన్షన్ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

తర్వాత వాగు వచ్చింది. నీళ్ళ వాగు కాదు, ఏడాదిలో నాలుగు రోజులు పారే ఇసుక వాగు. దారి నంబరు రాసిన గోధుమరంగు పలక నేలమట్టంగా వంగి ఉంది, దాని పక్కనుంచి రెండు చక్రాల జాడలు లోపలికి వెళ్ళాయి. జీపు జాడ కంటే సన్నం, రెంటి మధ్య ఎడం కూడా తక్కువ. సైడ్-బై-సైడ్ బండి, అంటే పక్కపక్కన కూర్చుని ఎగుడుదిగుడు నేల మీద నడిపే చిన్న బండి. పోయిన వారం వానకి తడిసిన నేల మీద గుండ్రంగా మూడు చుట్లు తిప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. బండిలో ఉన్నవాళ్ళకి మహా అయితే ఐదు నిమిషాల సరదా.

పెద్దాయన టేపు పరిచాడు, నేను లోతు కొలిచాను. తిప్పిన చోట ఒక పాలో వెర్డె చెట్టు కొమ్మలు విరిగాయి. దాని మొదట్లో, నీడలో, అరచేయంత సగువారో మొక్క ఉంది, స్తంభంలా ఎదిగే ఎడారి కాక్టస్ అది. దానికేమీ కాలేదు, జానెడు దూరంలో చక్రం వెళ్ళింది. సగువారో ఇలా పెద్ద చెట్టు చాటునే పెరుగుతుంది. మొదటి ఎనిమిదేళ్ళలోనో పదేళ్ళలోనో అది పెరిగేది ఒకటిన్నర అంగుళం. చేతుల్లాంటి కొమ్మలు రావడానికి యాభై, డెబ్బై ఏళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. ఆ లెక్కన ఈ మొక్క మూడో క్లాసు చదివే మా బాబు కంటే పెద్దది. ఇవేవీ తిప్పినవాడికి తెలిసుండవు. తెలియకపోవడం వేరు, పలకని వంచి మరీ వెళ్ళడం వేరు. ఆ పలక దానంతటదే వంగదు.

ఇక్కడి నేల మీద నల్లగా పెచ్చులా ఒకటి ఉంటుంది. సయనోబాక్టీరియా, లైకెన్, నాచు కలిసి అల్లుకున్న పొర అది. మట్టిని గాలికి లేవనివ్వదు. కాలు పెట్టినా విరుగుతుంది, అందుకే మేం రాళ్ళ మీదా వాగు ఇసుకలోనూ నడుస్తాం. చక్రం కింద పడితే పొర పోవడమే కాదు, అడుగున మట్టి గట్టిపడిపోతుంది. వాన నీరు ఇంకక ఆ జాడ వెంటే పారి, అదే చిన్న కాలువ అవుతుంది. దిగువన పొదలకి వెళ్ళాల్సిన నీళ్ళు ఇటు మళ్ళుతాయి. అనంతపురంలో పుట్టినదాన్ని, బండి జాడ ఎలా కాలువగా మారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ దున్నితే పోతుంది. ఇక్కడ దున్నేవాళ్ళు లేరు. 1942లో జనరల్ ప్యాటన్ యుద్ధ శిక్షణ కోసం కాలిఫోర్నియా, ఆరిజోనా ఎడారుల్లో తిప్పించిన ట్యాంకుల జాడలు ఎనభై ఏళ్ళు దాటినా కొన్నిచోట్ల కనిపిస్తూనే ఉన్నాయి.

తీసిన ఫోటోలు, కొలతలు అయ్యాక అసలు పని. కొత్త జాడలని చెరపడానికి మాకు అనుమతి ఉంది. మాస్కులు పెట్టుకుని చేతి దంతెలతో గాడులు చదును చేశాం. మాస్కు వేషం కోసం కాదు. ఈ దుమ్ములో వ్యాలీ ఫీవర్ తెచ్చే బూజు ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నెలల తరబడి దగ్గు. ఆ తర్వాత ఎండుకొమ్మలు ఏరి, జాడలోనే గుంతలు తవ్వి, నిలువుగా పాతాం. పెద్ద రాళ్ళు అక్కడక్కడా పెట్టాం, సగం మట్టిలో దిగేలా. ఎంత దూరమంటే, పెద్ద దారి మీద బండిలో కూర్చున్నవాడికి కన్ను ఆనేంత దూరం. అంతకు మించి అవసరం లేదు.

ఈ పనిలో నాకు అర్థమైంది ఒకటే. పాడుచేసేది మొదటి బండి కాదు, రెండోది, పదోది. మొదటివాడు సరదాకి తిరుగుతాడు. రెండోవాడు ఆ జాడ చూసి ఇటు దారుంది కాబోలు అనుకుని, తప్పు చేస్తున్నానన్న ఆలోచనే లేకుండా వస్తాడు. పదోవాడికి అది మ్యాపులో లేకపోవడమే వింత. అందుకని మొదటి జాడని రెండోవాడి కంట పడకుండా చేస్తే చాలు. జరిమానాల కంటే, బోర్డుల కంటే ఈ ఎండుకొమ్మల మీదే నాకు నమ్మకం.

కొమ్మలు ఏరుతుంటే పెద్దాయన అరచాడు, తాకొద్దని. బఫెల్ గడ్డి. చక్రాల మట్టితో, బట్టలతో విత్తనాలు ఊరూరూ తిరుగుతాయి. నిప్పంటుకుంటే భగ్గున మండే గడ్డి, మంటకి అలవాటు లేని సగువారోలు దాంతోపాటు పోతాయి. మన దగ్గర అంజన్ గడ్డి అని పశువులకి వేసేది ఇదే. ఇక్కడి వైపు నుంచి మనకి సర్కారు తుమ్మ వచ్చింది, అటువైపు ఆఫ్రికా నుంచి ఈ గడ్డి ఇక్కడికి చేరింది. ఎవరి బాకీ ఎవరు తీరుస్తున్నారో! వేళ్ళతో సహా పీకి సంచిలో వేశాం.

వాగు గట్టున గట్టి సున్నపుపొర కింద గుహలా ఉన్న చోట తాబేలు పెంటికలు కనబడ్డాయి, తాబేలు కనబడలేదు. కనబడినా దూరం నుంచి చూడడమే. ఎత్తితే భయంతో మూత్రం వదిలేస్తుంది, అదే దాని నీళ్ళ నిల్వ, ఎండాకాలంలో అది పోతే ప్రాణానికే ముప్పు. అదే ఇసుకలో, ఇప్పుడు మా కాళ్ళ కింద ఎక్కడో, స్పేడ్‌ఫుట్ కప్పలు పడుకుని ఉంటాయి. జులైలో ఉరుములతో వాన పడితే పైకొచ్చి, గుంట ఎండేలోపు గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసేసుకుంటాయి. మోటార్‌సైకిల్ మోత రికార్డు చేసి వినిపిస్తే వానే అనుకుని అవి బయటికి వచ్చేశాయని 1983లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. నీళ్ళు లేని నెలలో పైకి వస్తే ఏం గతి? తాబేలు విషయం కంటే ఈ కప్పల విషయం నన్ను ఎక్కువ పట్టుకుంది. గీత దాటకుండా వెళ్ళే బండి కూడా మోత చేస్తుంది. దానికి నా ఎండుకొమ్మలు ఏం చేస్తాయి?

పదకొండింటికి రెండు బండ్లు వచ్చాయి. దారి మీదే, నెమ్మదిగా. ఆపి, హెల్మెట్లు తీసి పలకరించారు. మంచినీళ్ళు కావాలా అన్నారు. పడమర వైపు కంచె ఒకచోట కోసేసి ఉందని వాళ్ళే చెప్పారు, ఫోనులో చోటు కూడా చూపించారు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియనివ్వరు ఇలాంటివాళ్ళు.

అక్కడిదాకా వెళ్ళాం కాబట్టి, పెద్దాయన్ని ఆయన కారు దగ్గర దింపేసి, నేను మారికోపా అవతల గణపతి గుడికి వెళ్ళాను. ఈయన, బాబు అప్పటికే అక్కడ ఉన్నారు. ప్రసాదం తింటుంటే అమ్మ వీడియో కాల్. నా మొహం చూడగానే, “ఏమే, ఎండలో పడి అట్లా నల్లబడినావు? ఆదివారమూ శనివారమూ నీకు ఎవరన్నా కూలి ఇస్తాండారా?” అంది. ఇవ్వరమ్మా అన్నాను. “మరి?” అంది. ఆ ‘మరి’కి జవాబు చెప్పేలోపు ఫోను బాబు లాక్కున్నాడు.

అప్పుడే అన్నయ్యగారు కలిశారు, మా ఆయన స్నేహితులు, మా వీధే. పోయిన దీపావళికి సైడ్-బై-సైడ్ కొన్నారు. నా బూట్లు చూసి, “ఏమ్మా, మళ్ళీ మా బండ్ల మీద నిఘాకా?” అని నవ్వారు. వాగు సంగతి చెప్పాను. “అంత ఖాళీ భూమి ఉందమ్మా, ఒక మూల నాలుగు చుట్లు తిప్పితే ఏమవుతుంది?” అన్నారు. ఖాళీ కాదు అన్నయ్యా అని ఆ అరచేయంత మొక్క ఫోటో చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. “దీని వయసు నిజంగా అంతా?” అని అడిగారు. ఆ తర్వాత, “సరే, ఏ దారులు తెరిచి ఉన్నాయో మ్యాప్ పంపు. వచ్చే శనివారం మావాళ్ళు ఆరు బండ్లు వస్తున్నారు” అన్నారు.

ఇంటికి రాగానే పంపాను. ఆయన దాన్ని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి నన్ను కూడా అందులో చేర్చారు. ముగ్గురు బొటనవేలు పెట్టారు. ఒకాయన మాత్రం, ‘మేడమ్, వాగులో ఇసుక మీద పోవచ్చు కదా, అక్కడ చెట్లు ఉండవు’ అని రాశారు. కూడదని, ఎందుకో కూడా రాశాను, కప్పల సంగతితో సహా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. ఫారంలో కంచె కోసిన చోటు వివరాలు ఎక్కించాలి, ఆయన పిండి పని అయిపోయినట్టుంది, పిలుస్తున్నారు.