గులకరాయిని వదిలిన నీడ

పోయినేడు పిల్లలకు దేవరకొండ ఖిల్లా చూపిద్దామని తీసుకుపోయాను. సగం ఎక్కకముందే నాలుగేళ్ల చిన్నోడు కూలబడ్డాడు. వాడిని భుజాన వేసుకుని దిగేసరికి కింద చెట్టు నీడలో అమ్మ ఒక్కతే మా దారి చూస్తూ కూర్చుని ఉంది. అమ్మకు మోకాళ్లు సరిగా వంగవు. మర్రిగూడ దిక్కు పుట్టిన మనిషి, చిన్నప్పుడు బావి నీళ్లు, పెద్దయ్యాక బోరు నీళ్లు తాగింది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో అప్పుడు ఎవరికీ పట్టలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు, పండ్లకు చేటన్న సంగతి మా ఇంట్లో తెలిసేసరికి ఆమె నడక మారిపోయింది.

ఆ రోజే అనుకున్నాను, ఈసారి ఎటు పోయినా అందరం కలిసి నడిచే చోటికే పోవాలని. ఇంట్లో ఒక సంగతి గమనించాను. చిన్నోడి నడకా అమ్మ నడకా ఒకే తీరు. పది అడుగులు వేస్తారు, ఆగుతారు, ఏదో ఒకటి చూస్తారు, మళ్లీ కదులుతారు. వాళ్లిద్దరికీ సరిపోయే దారి దొరికితే చాలు.

కార్తీకంలో ఒక శనివారం పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, చెల్లె ఇంటికి బయల్దేరాం. సోమవారమైతే శివాలయాల్లో కాలు పెట్టే సందుండదు. మేముండేది నల్లగొండలోనే. మా దారిలో లేకున్నా ముందు పానగల్లు పోయాం, నాలుగు కిలోమీటర్ల లోపే. ఊరు దాటి పొలాల్లోకి తిరగ్గానే ఛాయా సోమేశ్వరాలయం. వరికోతల కాలం కదా, రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు ఎండబోశారు. చిన్నోడు అక్కడే దిగుతానని పేచీ పెట్టాడు.

కుందూరు చోళులు పానగల్లు రాజధానిగా ఏలిన నాటి గుడి ఇది. మూడు గర్భగుళ్లు, మధ్యలో అందరికీ ఒకటే రంగమండపం. శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ ఉంటుంది. పొద్దున చూసినా సాయంత్రం చూసినా నీడ అక్కడే. ఏడేళ్ల పెద్దది నమ్మలేదు. "ఎండ జరుగుతది గదా, నీడెందుకు జరగదు?" అని నిలదీసింది. అడగాల్సిన మాటే అడిగింది.

బదులు చెప్పకుండా దాన్ని బయటికి తీసుకొచ్చాను. ఆవరణలో ఒక రాతి స్తంభం నీడ నేల మీద పొడుగ్గా పడి ఉంది. దాని కొసన గులకరాయి పెట్టించాను. టైమ్ ఎనిమిదిన్నర. "గంటాగి చూద్దాం" అన్నాను. ఆ గంట ఎట్లా గడిచిందో మాకే తెలియదు. గుడి చుట్టూ రెండుసార్లు తిరిగారు, కోనేటి మెట్ల దగ్గర అమ్మ చెయ్యి పట్టుకుని తొంగిచూశారు, డబ్బా తెరిచి పులిహోర తిన్నారు. మధ్య మధ్య పెద్దది ఉరికి వెళ్లి రాయిని చూసొచ్చేది. తొమ్మిదిన్నరకు రాయి ఒంటరిగా ఎండలో ఉంది. నీడ దాన్ని వదిలి పక్కకు జరిగి, పొట్టిదైపోయింది. దాని జానతో కొలిస్తే రెండు జానలకు పైనే వచ్చింది. వెంటనే లోపలికి ఉరికి, గడప బయటే నిలబడి అరిచింది: "నానమ్మా, గిది జరగనే లేదు!"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. లోపలికి ఎండ నేరుగా రాదు. మండపంలోని స్తంభాలను తాకి చెదిరిన వెలుతురే అటూ ఇటూ నుంచి గోడ మీద పడుతుంది. ఆ స్తంభాల పొందిక వల్లే మధ్యలో వెలుతురు తగ్గిన చోటు ఒక గీతలా నిలిచిపోతుంది. సూర్యుడు ఎటున్నా లోపలికొచ్చేది చెదిరిన వెలుతురే కాబట్టి నీడకు కదిలే పని లేదు. దానికి ఎంత అర్థమైందో గానీ, దారి పొడుగునా చెల్లె ఇంటికి పోయేదాకా తమ్ముడికి అదే పాఠం చెప్పింది.

పిల్లలతో పోయేవాళ్లకు ఒక్క మాట. చెప్పులు బయట విడవాలి, పది దాటితే బండలు కాలుతాయి. మొదటిసారి పోయినప్పుడు చిన్నోడి అరికాళ్లు ఎర్రబడి ఏడ్చాడు. అందుకే ఈసారి సంచిలో అందరికీ మేజోళ్లు పెట్టుకున్నాం. నీళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది.

ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం, పక్కనున్న మ్యూజియం తొందరగానే చూశాం. గోడల మీద చెక్కిన రామాయణ, భారత కథల్లో ఏనుగులెన్ని, గుర్రాలెన్ని అని పిల్లలు లెక్కలేసుకున్నారు. పెద్దవాళ్లకైతే పూట చాలదు.

అక్కడి నుంచి ఉదయసముద్రం కట్ట మీదికి. చోళుల నాటి చెరువే ఇప్పుడు ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయరైంది. కట్ట మీద దారి సాఫుగా ఉంటుంది, ఎక్కుడు దిగుడు లేదు. నీళ్ల వైపు నేనూ నా భార్యా, లోపలి వైపు పిల్లలు, మధ్యలో అమ్మ. కొంగలు, నీటికాకులు కనిపించిన చోటల్లా ఆగాం. అర కిలోమీటరుకు ముప్పావు గంట పట్టింది. ఎవరూ ఎవరినీ "తొందరగా నడువు" అనలేదు.

"గిన్ని నీళ్లు ఏడికెల్లి వచ్చినయి నానమ్మా?" అని చిన్నోడు అడిగాడు.

"కృష్ణ నీళ్లు బిడ్డా. సాగర్ కాడికెల్లి మీదికి ఎక్కిచ్చిండ్రు."

పుట్టంగండి దగ్గర పంపులతో సాగర్ నీటిని ఎత్తిపోసి, మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ గుండా ఇక్కడిదాకా తెస్తారు. పొలాలకే కాదు, నల్లగొండ దాహానికీ, ఫ్లోరైడ్ ఊళ్ల దాహానికీ ఇవే నీళ్లు. అమ్మ కట్ట మీద నిలబడి చాలాసేపు ఆ నీళ్ల వైపే చూసింది. "మా చిన్నప్పుడు గియ్యే నీళ్లుంటేనా" అని అక్కడితో ఆపేసింది. చిన్నోడు ఆమె కొంగు పట్టి లాగుతున్నాడు, ముందుకు పోదామని.

పాలమూరు ప్రయాణం నాలుగు గంటలు. కొండమల్లేపల్లి దాకా బత్తాయి తోటలు, ఆ తర్వాత పగిలి తెల్లబడ్డ పత్తి చేన్లు. కల్వకుర్తి దాటాక రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటే ఒక గంప కొన్నాం. కారంతా గింజలే.

మర్నాడు పొద్దున్నే పిల్లలమర్రి. ఊరికి నాలుగు కిలోమీటర్లు. సుమారు ఏడు వందల ఏండ్ల మర్రి అంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఊడలు దిగి మానులైపోయి, తల్లి మొదలేదో కనుక్కోలేం. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. అప్పుడు మనుషులకు ఎక్కించినట్టే కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మల కింద ఆనుడు స్తంభాలు కట్టారు. మా చిన్నప్పటిలా ఊడలు పట్టుకుని ఊగడానికి వీల్లేదు, కంచె ఇవతలి నుంచే చూడాలి. ఆ నిబంధన ఉండాల్సిందే. పిల్లలకు ముందే చెప్పి తీసుకొస్తే గొడవ చేయరు.

అమ్మ ఒక ఆనుడు స్తంభం ఎదురుగా ఆగింది. "దీనికి గూడ మోకాళ్లు పట్టుకున్నయా" అంది.

"నొస్తుందా నానమ్మా దానికి?" చిన్నోడు.

"మందు ఏసిండ్రు గదా. నిలవడ్డది సూడు."

శ్రీశైలం ముంపులో పోకుండా తెచ్చి నిలబెట్టిన రాజరాజేశ్వరాలయం, మ్యూజియం, జింకల పార్కు అన్నీ ఆ ఆవరణలోనే. జింకల దగ్గర పిల్లలు కదలనంటే మా ఇద్దరికీ కాళ్లు పీకాయి, బెంచీ మీద కూలబడ్డాం. అమ్మ చెప్పులు సర్దుకుని చిన్నోడి చెయ్యి పట్టుకుంది. "పా బిడ్డా, చెట్టు సుట్టు ఇంకోపారి పోయొద్దాం" అంటూ కదిలింది. పెద్దది వాళ్ల వెనక ఉరికింది. మేమిద్దరం కూర్చుని వాళ్లు తిరిగొచ్చే దారి చూస్తున్నాం.