పార్ట్ సి కోసం క్రొమాటిన్ ఎలా చదివానంటే

రీసెర్చ్ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో, లైఫ్ సైన్సెస్ పేపర్‌లో పార్ట్ సి అంటేనే చాలామందికి టెన్షన్. ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అక్కడ డెఫినిషన్లు అడగరు, ప్రయోగం ఇచ్చి ఫలితం చెప్పమంటారు. అందుకే క్రోమోజోమ్ నిర్మాణం, రెప్లికేషన్ (డీఎన్‌ఏ నకలు తయారవడం), జీన్ రెగ్యులేషన్ మూడింటినీ విడివిడిగా కాకుండా కలిపి చదవండి. హిస్టోన్ ప్రోటీన్ల మీద డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే న్యూక్లియోజోమ్‌లో 147 బేస్ పెయిర్లు, ఎనిమిది హిస్టోన్లు లాంటివి ఒక పూటలో అయిపోతాయి. వాటి దగ్గరే ఆగిపోవద్దు.

నాకు ఈ టాపిక్ పట్టుబడింది బీటా గ్లోబిన్ లోకస్‌తోనే, అంటే హిమోగ్లోబిన్‌లోని ఆ ప్రోటీన్ జీన్ ఉండే చోటుతో. ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో అక్కడి క్రొమాటిన్ (డీఎన్‌ఏ, దానితో ఉండే ప్రోటీన్లు కలిసినది) వదులుగా ఉంటుంది, డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ డీఎన్‌ఏస్ 1 సులువుగా కోస్తుంది, కణం డీఎన్‌ఏ నకలు తీసే ఎస్ ఫేజ్ మొదట్లోనే రెప్లికేషన్ అయిపోతుంది, జీన్ పనిచేస్తుంది. మిగతా చాలా కణాల్లో ఇదంతా తిరగబడుతుంది. డీఎన్‌ఏ మాత్రం ఒకటే!

ఇప్పుడు హిస్పానిక్ తలసీమియా చూడండి, బీటా గ్లోబిన్ సరిగా తయారుకాని రక్తవ్యాధి. జీన్‌కు ఎగువన లోకస్ కంట్రోల్ రీజియన్‌లో (దూరం నుంచే జీన్‌ను నడిపించే డీఎన్‌ఏ భాగం) చాలా భాగంతో కలిపి దాదాపు 35 కిలోబేస్‌లు ఎగిరిపోయాయి. బీటా గ్లోబిన్ జీన్‌లో ఒక్క అక్షరం పోలేదు, ప్రోమోటర్ (ట్రాన్స్‌క్రిప్షన్, అంటే ఆర్‌ఎన్‌ఏ తయారీ, మొదలయ్యే చోటు) కూడా అలాగే ఉంది. అయినా క్రొమాటిన్ మూసుకుపోయింది, రెప్లికేషన్ ఆలస్యమైంది, జీన్ మూగబోయింది. "ప్రోమోటర్ ఉంది కాబట్టి ట్రాన్స్‌క్రిప్షన్ జరుగుతుంది" అనే ఆప్షన్ కనిపిస్తే ఈ కేసు గుర్తుచేసుకోండి.

ఇక్కడితో ఆపేస్తే సగమే తెలిసినట్టు. తర్వాత 1998లో వచ్చిన పనిలో ఆ కంట్రోల్ రీజియన్‌లోని హైపర్‌సెన్సిటివ్ సైట్లు (డీఎన్‌ఏస్ మరీ సులువుగా కోసే చోట్లు) 2 నుంచి 5 వరకు మాత్రమే తీసేశారు. జీన్ ఆగిపోయింది, క్రొమాటిన్ మాత్రం తెరిచే ఉంది. రెప్లికేషన్ కూడా ముందే జరుగుతోందని ఆ తర్వాత చూపించారు. అంటే ఈ మూడూ మామూలుగా కలిసే నడిచినా విడదీయవచ్చు. నాకైతే మొత్తం యూనిట్‌లో ఇంతకన్నా అందమైన ప్రయోగం కనిపించలేదు.

తెల్ల కాగితం మీద పట్టిక గీయండి. అడ్డంగా డీఎన్‌ఏస్ సెన్సిటివిటీ, రెప్లికేషన్ టైమింగ్, ఆర్‌ఎన్‌ఏ. నిలువుగా మామూలు అల్లీల్ (ఏ మార్పూ లేని జీన్ రూపం), హిస్పానిక్ డిలీషన్, 1998 నాటి చిన్న డిలీషన్. పుస్తకం మూసి నింపండి. అది వచ్చాక అదే పట్టికలో ఇనాక్టివ్ ఎక్స్ క్రోమోజోమ్‌కి (ఆడవాళ్ల కణాల్లో మూసుకుపోయి ఉండే ఎక్స్) ఒక వరుస చేర్చండి. ఈస్ట్ టెలోమియర్ (క్రోమోజోమ్ చివర) దగ్గర పెట్టిన ఆరిజిన్ (రెప్లికేషన్ మొదలయ్యే చోటు) ఎందుకు ఆలస్యంగా ఫైర్ అవుతుందో, అంటే పని మొదలుపెడుతుందో, ఆ తర్వాత చదవండి.