మూడోసారి అడగలేక ‘సరే’ అన్నాను

కొంతకాలం క్రితం ఇంటర్నెట్ కనెక్షన్ రద్దు చేసుకోవడానికి ఒక సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడారు, కానీ ఆయన ఇంగ్లిష్ యాస నా చెవికి పూర్తిగా కొత్తది. మోడెమ్‌ను ఎన్ని రోజుల్లోగా వెనక్కి పంపాలని అడిగితే, ఆయన చెప్పింది మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అడిగితే ‘ఫిఫ్టీ’ అన్నట్టు వినిపించింది. యాభై రోజుల గడువు ఎవరైనా ఇస్తారా అన్న అనుమానం రాకపోలేదు. అయితే మళ్లీ అడిగితే ఆయనను కించపరిచినట్టవుతుందేమో, నాకు ఇంగ్లిష్ రాదనుకుంటారేమో అన్న రెండు సంకోచాలూ కలిసి నా నోరు కట్టేశాయి. ‘సరే’ అని ఫోన్ పెట్టేశాను. ఆయన చెప్పింది ‘ఫిఫ్టీన్’ అని, గడువు దాటినందుకు మోడెమ్ ఖరీదంతా చివరి బిల్లులో పడ్డాక గానీ తెలియలేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఆ రెండు మాటల గురించే ఆలోచించాను. ‘ఫిఫ్టీన్’లో ఊనిక, అంటే నొక్కి పలకడం, రెండో భాగం మీదా, ‘ఫిఫ్టీ’లో మొదటి భాగం మీదా పడుతుందని, వినేవారు ఆ తేడాను బట్టే పోల్చుకుంటారని చదువుకున్నాం. కానీ అన్ని యాసల్లోనూ ఊనిక ఒకే చోట పడదు. అది లేనప్పుడు రెండు మాటలకూ తేడా చివరి ‘న్’ ఒక్కటే, అది కూడా లైనులో నలిగిపోతే వినేవాడికి ఇక ఆధారమే ఉండదు.

లైనులో నలిగిపోవడం అన్నది ఊరికే అన్న మాట కాదు. పాత పద్ధతి టెలిఫోన్ లైను మనిషి గొంతులో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క) వరకు ఉన్న భాగాన్నే మోసుకువెళుతుంది. స, ఫ వంటి ధ్వనులను విడదీసి చూపే సన్నని ఊపిరి శబ్దం చాలావరకు అంతకంటే పైస్థాయిలో ఉంటుంది కనుక, ‘ఎస్’ అన్నా ‘ఎఫ్’ అన్నా ఫోనులో ఒకేలా వినిపిస్తాయి. ఎదురుగా ఉంటే పెదవుల కదలిక చూసి పోల్చుకుంటాం, ఫోనులో ఆ సాయమూ లేదు. తెలిసిన యాస అయితే కోతపడిన శబ్దాన్ని మన మెదడే అలవాటు కొద్దీ పూరించుకుంటుంది, కొత్త యాస దగ్గర ఆ పూరింపు కుదరదు. కాబట్టి మనకు అర్థం కాకపోవడానికి కారణం అవతలివారి యాస ఒక్కటే అనుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. నా మాటకూ ఒక యాస ఉంది, దానితో వారూ అవస్థ పడుతూనే ఉండి ఉంటారు.

కొత్త యాసకు మన చెవి అలవాటు పడటానికి పెద్ద సమయమేమీ పట్టదు. నిమిషం లోపు వినికిడితోనే శ్రోతలు పరాయి యాసను మరింత వేగంగా అర్థం చేసుకోగలిగారని 2004లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆ నిమిషమే కాల్ సెంటర్లలో దొరకదు. ఒక్కో కాల్ సగటున ఎంతసేపు సాగిందన్నది సిబ్బంది పనితీరుకు కొలమానం కావడంతో, రోజుకు ఎన్నోసార్లు చెప్పిన వాక్యాలను వారు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతారు. చెవి కాస్త కుదుటపడే సరికి కాల్‌ను ఇంకొకరికి బదిలీ చేస్తారు, అక్కడ మరో గొంతు, మరో యాస, మళ్లీ మొదటికి. ఇప్పుడు మాట్లాడేవారి యాసను అప్పటికప్పుడు మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. ఒక మనిషి గొంతులోంచి ఆమె పుట్టిపెరిగిన ఆనవాలును చెరిపివేయడం కంటే, ఆమెకు ఇంకో రెండు నిమిషాల వ్యవధి ఇవ్వడమే మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

విమానయానంలో ఈ చిక్కును ఏనాడో గుర్తించారు. ఎ, బి, సి అనే అక్షరాలకు బదులు పలికే ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే అక్షరమాల 1956 నుంచి అమలులో ఉంది. ‘నైన్’ను ‘ఫైవ్’ అని పొరబడకుండా అక్కడ ‘నైనర్’ అంటారు. నేను ఆ మాటలన్నీ కంఠస్థం చేయలేదు గానీ, బి, డి, పి, టి వచ్చినప్పుడు తేలికైన ఒక పదం జతచేసి చెబుతున్నాను, అంకెలను విడివిడిగా ‘వన్ ఫైవ్’ అని చెప్పమని అడుగుతున్నాను. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం, విన్నదాన్ని నా మాటల్లో తిరిగి చెప్పి ‘ఇదేనా?’ అని అడగడం. అర్థం కాలేదని చెప్పవలసి వచ్చినప్పుడు ‘మీ యాస’ అన్న మాట ఎత్తకుండా, ‘లైను సరిగ్గా లేదు, కాస్త నెమ్మదిగా చెప్పండి’ అంటాను. అది అబద్ధం కూడా కాదు.

కిందటి నెల మరో సంస్థకు ఫోన్ చేసినప్పుడు, ఫిర్యాదు నంబరు చెబుతున్న అమ్మాయిని మూడుసార్లు ఆపాను. మూడోసారి ఆమె ఒక్కో అంకె చెప్పి, నేను రాసుకునేదాకా ఆగి, తర్వాతి అంకెకు వెళ్లింది. పెట్టేసే ముందు అదే నంబరును మెసేజ్‌గా కూడా పంపింది. కాల్ చివర అభిప్రాయం అడిగినప్పుడు, ఆమె నాకోసం తీసుకున్న సమయాన్ని ఆమె ఖాతాలో తప్పుగా లెక్కించవద్దని రాశాను.