బస్సుకే బలం ఎక్కువ, మేడం!

మా కాలేజీ ఆఫీసులో న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) ఫైళ్ల కోసమే ఒక ఇనుప బీరువా ఉంది. అందులో అట్ట మీద 2.3.1 అని స్కెచ్ పెన్‌తో రాసిన ఫైలు నా బాధ్యత. పాఠాల్లో విద్యార్థుల్ని ఎలా భాగస్వాముల్ని చేస్తున్నామో అందులో రుజువులతో చూపించాలి. నేను చేరిన కొత్తలో తెరిచి చూస్తే అన్నీ ఫొటోలే. పిల్లలు గుండ్రంగా కూర్చున్న ఫొటో, ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డ ఫొటో, చార్టు పట్టుకుని నవ్వుతున్న ఫొటో. నాలుగేళ్లు నేనూ అలాంటివే చేర్చుకుంటూ పోయాను. ఫొటో అవ్వగానే బెంచీలు మళ్లీ వరసల్లోకి జరిపించి, బోర్డు మీద డెరివేషన్ ఎత్తుకునేదాన్ని.

ఉత్తరాంధ్రలో ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2022-23లో ఎంపీసీ మొదటి సెమిస్టర్ క్లాసు నాది. మెకానిక్స్, వేవ్స్ అండ్ ఆసిలేషన్స్ పేపరు, 46 మంది. ఇంటర్ దాకా తెలుగులో చదువుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. రాష్ట్రంలో డిగ్రీ చదువంతా 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియానికి మారింది కాబట్టి నేను ఇంగ్లీషులోనే చెప్పాలి, వాళ్లు ఇంగ్లీషులోనే రాయాలి. న్యూటన్ మూడో నియమం రాయమంటే 46 మందీ కామా కూడా పోకుండా రాశారు. ఆ మర్నాడు ఊరికే అడిగాను: "ఆర్టీసీ బస్సూ ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏది దేన్ని ఎక్కువ ఫోర్స్‌తో గుద్దింది?"

"బస్సే!" అన్నారు ముక్తకంఠంతో. "బస్సుకే కదా మేడం బలం ఎక్కువ" అని వెనక బెంచీ నుంచి వివరణ కూడా వచ్చింది. మూడో నియమం ప్రకారం రెండిటి మీదా పడే ఫోర్స్ సమానమే. కానీ చేతులెత్తమంటే సమానం అన్నవాళ్లు నలుగురు. వాళ్లలో ఒకడు చుట్టూ చూసి చెయ్యి దించేశాడు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని వెతుకుతుంటే తెలిసింది, ఇదే దెబ్బ హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌కి 1990 ప్రాంతంలోనే తగిలిందని. కష్టమైన లెక్కలు చేసేసే పిల్లలకు ఆయన మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలిచ్చారు. వాళ్లు తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయమంటారా, నేను అనుకుంటున్నట్టు రాయమంటారా అని ఒక విద్యార్థి అడిగిందట. నా పిల్లలు ఆ మాత్రం కూడా అడగలేదు. పరీక్షలో రాసేది వేరు, నిజం వేరు అని ఎప్పుడో సర్దుకుపోయారు.

మజూర్ 1991 నుంచి మొదలుపెట్టిన పద్ధతి పేరు పీర్ ఇన్‌స్ట్రక్షన్. కాసేపు పాఠం చెప్పి, నాలుగు జవాబులతో ఒక ప్రశ్న ఇస్తారు. నిమిషం సేపు ఎవరికి వారే ఆలోచించి ఓటు వేయాలి. సరైన జవాబుకు చాలా తక్కువ ఓట్లు పడితే టీచరు మళ్లీ చెప్పాలి, దాదాపు అందరూ వేస్తే ముందుకు పోవాలి. సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే మాత్రం జవాబు బయటపెట్టకుండా, పక్కవాళ్లతో వాదించుకోమని వదిలేసి మళ్లీ ఓటు పెట్టాలి.

ఓటు ఎలా వేయించాలన్నది నా మొదటి సమస్య. చేతులెత్తిస్తే పక్కవాడిని చూసి ఎత్తుతారు. అందరి దగ్గరా డేటా ఉన్న ఫోన్లు లేవు, ఉన్నా క్లాసులో ఫోను తీస్తే మా ప్రిన్సిపాల్ గారు ఊరుకోరు. ప్లిక్కర్స్ అనే యాప్ దొరికింది. ఒక్కొక్కరికీ నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉన్న కార్డు ఒకటి ఇవ్వాలి. ఆ కార్డును ఏ వైపు పైకి పెట్టి పట్టుకుంటే అది జవాబు: ఏ, బీ, సీ, డీ. నేను నా ఫోన్ కెమెరాను క్లాసు మొత్తం మీద తిప్పితే చాలు, ఎవరు ఏది ఎంచుకున్నారో లెక్క వచ్చేస్తుంది. కార్డుల బొమ్మలు అన్నీ వేరువేరు కాబట్టి పక్కవాడిది చూసి లాభం లేదు.

ప్రింట్లు తీయించి, నలిగిపోకుండా ఉంటాయని తెలివిగా లామినేషన్ చేయించాను. మొదటి రోజు ట్యూబ్‌లైట్ల వెలుగు ఆ మెరుపు మీద పడి ఫోను సగం కార్డుల్ని చదవలేదు. "మేడం, నాది వచ్చిందా?" అని 46 గొంతులు. మళ్లీ మందపాటి కాగితం మీద మామూలుగా ప్రింట్లు తీయించాల్సి వచ్చింది. రెండోసారి, కార్డు పట్టుకున్న వేళ్లు బొమ్మ మీదికి వచ్చి అడ్డం. ఇవన్నీ సర్దుకునేసరికి రెండు వారాలు పోయాయి.

అయితే ఈ పనిలో అసలు కష్టం కార్డులు కావు, ప్రశ్నలు. నేను మొదట తయారుచేసినవి మరీ తేలిక, అందరూ సరిగ్గా చెప్పేసేవారు. తర్వాత పట్టుదలకు పోయి కష్టమైనవి ఇస్తే నాలుగు జవాబులకూ సమానంగా ఓట్లు పడ్డాయి, అంటే కళ్లు మూసుకుని వేశారన్నమాట. చివరికి పాత మిడ్ పేపర్ల కట్టలు విప్పి, పిల్లలు నిజంగా రాసిన తప్పుల్నే తప్పు జవాబులుగా పెట్టడం మొదలుపెట్టాను. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర ఒక్క క్షణం ఆగినప్పుడు దాని త్వరణం ఎంత? సున్నా అన్నది మా పేపర్లలో కొల్లలుగా దొరికే తప్పు జవాబు. ఆ ప్రశ్నతో క్లాసు సరిగ్గా రెండుగా చీలింది.

తర్వాత బస్సూ ఆటోను మళ్లీ తెచ్చాను. ఈసారి వాదించుకోండి అని వదిలేశాను. గది చేపల బజారైంది. పక్క క్లాసులోంచి లెక్కల సార్ వచ్చి తొంగి చూసి వెళ్లారు. నేను బెంచీల మధ్య తిరుగుతూ వింటున్నాను, అప్పుడు తట్టింది: ఎవరూ ఇంగ్లీషులో వాదించడం లేదు. నా పాఠం ఇంగ్లీషు, నోట్సు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. ఆలోచన మాత్రం తెలుగు. ఆ తెలుగులో ఫోర్స్ అంటే బలం. బలం అంటే మనకు ఒంట్లో ఉండేది. పహిల్వాన్‌కి బలం ఎక్కువ, బస్సుకి బలం ఎక్కువ. రెండు వస్తువుల మధ్య జరిగే సంగతిని వీళ్లు ఒక వస్తువు సొంత ఆస్తి అనుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు, ఆ మాట ఇళ్లల్లో చేసే పనే అది. ఇన్నేళ్లూ నేను బోర్డు మీద రాసిన ఫోర్స్ అనే మాట వెళ్లి నేరుగా ఆ పహిల్వాన్ పక్కన కూర్చుంటోంది.

మూడో బెంచీలో, అప్పటిదాకా అటెండెన్స్‌కి తప్ప నోరు విప్పని అమ్మాయి ఒకతె పక్కమ్మాయితో అంటోంది: "దెబ్బ వేరే, తోపు వేరేనే. తోపు రెండిటికీ ఒక్కటే. ఆటో తేలిక గాబట్టి అది ఎగిరి పడిపోనాది." లేచి అందరికీ వినబడేలా చెప్పమన్నాను. తోపు అనగానే వెనక బెంచీ మగపిల్లలు గొల్లున నవ్వారు, "అయితే బస్సే తోపు మేడం!" అని. ఆ అమ్మాయి ఎర్రబడింది కానీ కూర్చోలేదు. "గోడని నువ్వు తోస్తే గోడ నిన్ను తొయ్యదా? నువ్వే కదా వెనక్కి పడతావు?" అంది. రెండో ఓటులో 46 మందిలో 35 మంది సమానం అన్నారు. నేను చెప్పింది ఏమీ లేదు. ఆ తర్వాత సెమిస్టర్ అంతా మా క్లాసులో ఫోర్స్ అంటే తోపే. రాసేటప్పుడు ఇంగ్లీషు, వాదించుకునేటప్పుడు తోపు.

అంతా ఇలాగే నడిచిందని కాదు. యాభై నిమిషాల పీరియడ్‌లో మూడు ప్రశ్నలు దాటవు. రూథర్‌ఫర్డ్ స్కాటరింగ్ అనే పాఠం దగ్గరికి వచ్చేసరికి రెండు వారాలు వెనకబడ్డాను. ఇంటి దగ్గర చూసి రమ్మని వాట్సాప్‌లో వీడియోలు పెడితే చూసినవాళ్లు పది మంది లేరు. పొద్దున్న ఆరింటికి ఊళ్లో బస్సెక్కి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే పిల్లలు, కొందరు రాత్రి కిరాణా కొట్లో కూర్చునేవాళ్లు. వీడియోలు మానేసి, ఒక్క పేజీ జిరాక్స్ ఇవ్వడం మొదలుపెట్టాను, సగం తెలుగు సగం ఇంగ్లీషు. బస్సులో చదువుకునేవారు.

ఇంతలో ఒక తండ్రి మా హెచ్‌వోడీ గారి దగ్గరికి వచ్చారు. "మేడం పాఠం చెప్పడం లేదంట సార్, పిల్లల్నే చెప్పుకోమంటున్నారంట." టెన్షన్ పడ్డాను, కోపం కూడా వచ్చింది. 2019లో హార్వర్డ్‌లోనే చేసిన ఒక అధ్యయనం అప్పుడు గుర్తొచ్చింది. ఇలా చురుగ్గా పాల్గొనే క్లాసుల్లో పిల్లలు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. చక్కటి లెక్చర్ వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తడబడుతూ నేర్చుకుంటే ఏమీ రానట్టు ఉంటుంది. ఈ సంగతి మర్నాడు క్లాసులో చెప్పాను. నమ్మారో లేదో కానీ గొణుగుడు తగ్గింది.

పరీక్ష సంగతి ఇంకో గొడవ. 75 మార్కుల ఎక్స్‌టర్నల్ నా చేతిలో లేదు. 25 ఇంటర్నల్‌లో కూడా అసైన్‌మెంట్‌కి ఉన్న 5 మార్కులే కదిలించగలను. అసైన్‌మెంట్ అంటే మా దగ్గర ఒకరు రాయడం, మిగతావాళ్లు చూసి దించడం. దాని బదులు రెండంచెల పరీక్ష పెట్టాను. మొదట నలభై నిమిషాలు ఒంటరిగా రాసి పేపర్లు ఇచ్చేయాలి. తర్వాత నలుగురేసి కూర్చుని, అవే ప్రశ్నలకు ఇరవై నిమిషాల్లో అందరూ కలిసి ఒక్క పేపరు రాయాలి. గుంపు మార్కు తక్కువొస్తే సొంత మార్కే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు.

"ఇది మనమే కాపీ కొట్టించడం కాదామ్మా?" అన్నారు హెచ్‌వోడీ సార్. చాటుగా చేసేదాన్ని అందరి ముందూ చేయిస్తున్నాను సార్ అన్నాను. నవ్వలేదు.

మొదటిసారి నిజంగానే ఒక చోట బెడిసికొట్టింది. క్లాస్ టాపర్ ఉన్న గుంపు అతను తప్పు చెప్పినా సరేనని రాసేసింది. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఒంటరి పేపర్లో సరిగ్గా రాసినవాళ్లే! అడిగితే "వాడు చెప్పాక ఇంకేం మేడం" అన్నారు. రెండోసారి నుంచి రూలు మార్చాను: మాట్లాడే ముందు ఎవరి జవాబు వాళ్లు చీటీ మీద రాసి మధ్యలో పెట్టాలి. అలా చేశాక టాపర్ని కూడా నిలదీయడం మొదలైంది. మామూలుగా పరీక్ష అవ్వగానే ప్రశ్నపత్రం మడిచి జేబులో పెట్టుకుని పారిపోయే పిల్లలు, బెల్లు కొట్టాక కూడా బెంచీల దగ్గరే నిలబడి కొట్టుకుంటుంటే చూడముచ్చటగా ఉండేది.

చివరి మూడు వారాలు మాత్రం లొంగిపోయాను. "మేడం, ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఎప్పుడిస్తారు?" అని సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) రోజూ అడుగుతున్నాడు. ఎక్స్‌టర్నల్ పేపరు బస్సూ ఆటో గురించి అడగదు, రాకెట్ సమీకరణం రాబట్టమంటుంది. సరే, డెరివేషన్లే చేద్దాం అన్నాను, కానీ బోర్డు మీద కాదు. రాకెట్ డెరివేషన్‌ని పద్నాలుగు మెట్లుగా కాగితం ముక్కలు కత్తిరించి, కలిపేసి, వరసలో పేర్చమన్నాను. అందులో రెండు దొంగ ముక్కలు. బయటికి పోయే వాయువు వేగం దగ్గర గుర్తు తారుమారు చేసింది ఒకటి. ఆ దొంగను పట్టుకోవడానికి కొట్టుకున్నంత శ్రద్ధగా నేను బోర్డు మీద రాసినప్పుడు ఎవరూ చూడలేదు.

ఫలితాలొచ్చాయి. ముందటేడు కంటే ఫెయిలైనవాళ్లు ముగ్గురు తగ్గారు. టాప్ మార్కులు పెరగలేదు. ఇది నా పద్ధతి వల్లో, ఆ ఏడు పేపరు తేలిగ్గా రావడం వల్లో చెప్పలేను. కార్డులతో బస్సూ ఆటో ప్రశ్నను సెమిస్టర్ అయ్యాక, చెప్పాపెట్టకుండా ఇంకోసారి పెట్టాను, ఈసారి లారీ, సైకిల్‌గా మార్చి. 41 మంది వచ్చారు, 33 మంది సమానం అన్నారు. ఎనిమిది మందికి లారీయే ఇంకా పహిల్వాన్.

2.3.1 ఫైలులో ఈసారి ఫొటో పెట్టలేదు. రెండు ఓట్ల లెక్కలు ప్రింటు తీసి పెట్టాను. ఫొటో ఏదమ్మా అని అడిగారు ప్రిన్సిపాల్ గారు. సరేనని ఒకటి తీసి అతికించాను.

హెచ్‌వోడీ సార్ ఇప్పటికీ రెండంచెల పరీక్షను కాపీ అనే అంటారు. మొన్న మాత్రం తన థర్డ్ సెమిస్టర్ క్లాసుకని కార్డుల కట్ట అడిగి పట్టుకెళ్లారు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.